ఆరంభకాల ఆఫ్రికన్ అమెరికన్ సంగీత హాస్య లఘుచిత్రాలు: కథాచట్రం, గానసంధి

వ్యాససంగ్రహం:

శబ్దచిత్రాలు స్థిరపడుతున్న తొలి సంవత్సరాలలో అమెరికన్ స్టూడియోలు ఆఫ్రికన్ అమెరికన్ గాయకులు, వాద్యకారులు, నర్తకులతో పది నుంచి ఇరవై నిమిషాల నిడివిగల సంగీత హాస్య చిత్రాలను నిర్మించాయి. వీటి కథలు ఎక్కువగా నల్లజాతిని చిన్నబుచ్చే మూసహాస్యం మీద నిలిచినవి. వీటిలోని సంగీతనృత్యాలు మాత్రం ఆ శతాబ్దపు ఉత్తమ కళాప్రదర్శనలలో లెక్కించదగినవి. కథను చూసి చిత్రాన్ని త్రోసిపుచ్చడం, పాటను చూసి కథను మన్నించడం అనే రెండు పద్ధతులూ ఈ చిత్రాలకు న్యాయం చేయవని, కథ పాటగా మారే సంధిస్థలంలో కళాకారులు చేసిన పనిని గుర్తించడం అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1929 నుంచి 1944 వరకు వెలువడిన కొన్ని ముఖ్య చిత్రాలు ఇందుకు ఆధారం.

కీలక పదాలు: లఘుచిత్రం, ఆఫ్రికన్ అమెరికన్ కళాకారులు, మిన్‌స్ట్రెల్ ప్రదర్శన, బ్లూస్, జాజ్, వైటాఫోన్, మూసహాస్యం, గానసంధి.

1. ప్రవేశిక:

తెలుగు విమర్శలో నల్లజాతి సాహిత్య ప్రస్తావన చాలావరకు దళిత సాహిత్య చర్చల ద్వారా వచ్చింది. 1972లో బొంబాయిలో ఏర్పడిన దళిత్ పాంథర్స్ సంస్థ తన పేరును అమెరికాలోని బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకోవడం మనకు పరిచితమైన విషయమే. ఆ దారిలో మన పరిశోధకుల దృష్టి కవిత్వం, నవల, ఆత్మకథల మీద నిలిచింది. రంగస్థలం, గ్రామఫోన్ రికార్డు, చలనచిత్రం అంతగా చర్చకు రాలేదు. కాగా ఇరవయ్యో శతాబ్ది మొదటి సగంలో ఆఫ్రికన్ అమెరికన్ కళ అమెరికా అంతటికీ చేరింది ప్రధానంగా ఈ మూడు మార్గాల ద్వారానే. పుస్తకం చేరని చోటుకు పాట చేరింది.

ఈ చిత్రాలను తరగతి గదిలో చూపించదలచిన అధ్యాపకునికి మొదటి నిమిషంలోనే ఇబ్బంది ఎదురవుతుంది. పాచికలాట, పుచ్చకాయ, వేయించిన కోడిమాంసం, చదువురాని బరువులవాళ్లు, గయ్యాళి భార్య, సోమరి భర్త వరుసగా తెరమీదికి వస్తారు. అయిదారు నిమిషాలు గడిచాక అదే తెరమీద బెస్సీ స్మిత్ పాడుతుంది, లేదా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ ఎత్తుకుంటాడు. మొదటి భాగాన్ని దాటవేసి రెండోభాగం చూపిద్దామనిపిస్తుంది. ఇప్పుడు అంతర్జాలంలో దొరికే చిత్రఖండాలలో చాలావరకు అలా కత్తిరించినవే. ఈ కత్తిరింపు సబబేనా అన్న ప్రశ్న నుంచి ఈ వ్యాసం మొదలవుతుంది.

2. పదినిమిషాల రూపం:

నాటి అమెరికన్ సినిమాహాలులో ప్రేక్షకుడు టికెట్ కొన్నది ఒక్క సినిమాకు కాదు. వార్తాచిత్రం, కార్టూన్, ఒకటో రెండో లఘుచిత్రాలు, ఆ తరువాత ప్రధాన చిత్రం కలిసి ఒక కార్యక్రమం. శబ్దం వచ్చిన తరువాత ఫిలిం నిమిషానికి 90 అడుగుల వేగంతో నడిచేది. వెయ్యి అడుగుల ఒక రీలు సుమారు పదకొండు నిమిషాలు ఆడుతుంది. అందుచేత లఘుచిత్రం ఒక రీలు లేదా రెండు రీళ్ల కొలతలో తయారైంది. వార్నర్ బ్రదర్స్ వారి వైటాఫోన్ పద్ధతిలో శబ్దం ఫిలిం మీద కాక, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 16 అంగుళాల డిస్కు మీద ఉండేది. ఆ డిస్కు నిడివి కూడా ఒక రీలుతో సరిపోయేటట్లు నిర్ణయించినదే. 1926 ఆగస్టు 6న న్యూయార్క్‌లో వైటాఫోన్ తొలి ప్రదర్శన జరిగినప్పుడు ‘డాన్ హువాన్’ చిత్రానికి ముందు వరుసగా ఆడినవి సంగీత లఘుచిత్రాలే. అంటే శబ్దచిత్రం తన శక్తిని మొదట చాటుకున్నది కథతో కాదు, పాటతో.

స్టూడియోల స్థానం కూడా గమనించదగినది. హాలీవుడ్ కాలిఫోర్నియాలో ఉన్నా, వైటాఫోన్ లఘుచిత్రాలు ఎక్కువగా బ్రూక్లిన్‌లోను, పారమౌంట్ లఘుచిత్రాలు అనేకం క్వీన్స్‌లోని ఆస్టోరియాలోను తయారయ్యాయి. రెండూ న్యూయార్క్ నగర భాగాలే. రాత్రి బ్రాడ్వేలోనో హార్లెం క్లబ్బులోనో ప్రదర్శన ఇచ్చే కళాకారుడు పగలు స్టూడియోకు వెళ్లి చిత్రీకరణ ముగించుకొని తిరిగి రావచ్చు. స్టూడియోకు ఇందులో రెండు లాభాలు. సాధన చేసిన అంశం సిద్ధంగా దొరుకుతుంది, నక్షత్ర పారితోషికం ఇవ్వనక్కరలేదు. హార్లెంలోని కాటన్ క్లబ్ వంటి చోట్ల వేదిక మీద నల్లజాతివారు, బల్లల దగ్గర తెల్లజాతివారు ఉండేవారు. నల్లజాతి ప్రేక్షకులకు అక్కడ ప్రవేశం లేదు. లఘుచిత్రం ఆ క్లబ్బు ప్రదర్శనను చిన్న ఊళ్ల తెరలకు తీసుకువెళ్లింది. క్లబ్బు గడప దాటలేని నల్లజాతి ప్రేక్షకుడు కూడా తమ పేట సినిమాహాలులో, లేదా దక్షిణాదిన బాల్కనీలో వేరుగా కేటాయించిన సీట్లలో కూర్చొని, దాన్ని చూడగలిగాడు.

పొడవు చిత్రంలో నల్లజాతి కళాకారుడు తెల్లజాతి కథ మధ్యలో కనిపించి ఒక పాట పాడి వెళ్లిపోయేవాడు. దక్షిణాది రాష్ట్రాలలో ఆ పాటను కత్తిరించి మిగిలిన చిత్రాన్ని ఆడించడం కద్దు. లఘుచిత్రంలో ఈ ప్రమాదం లేదు. తెరమీద ఉన్నవారంతా నల్లజాతివారే. వర్ణాల కలయిక గురించి సెన్సారుకు ఉన్న భయం ఇక్కడ మొదలే తలెత్తదు. వర్ణవివక్ష వల్ల ఏర్పడిన ఈ ఏకాంతమే కళాకారులకు మొదటినుంచి చివరిదాకా తెరను అప్పగించింది. దీనిని వరమని నేను అనను. పరిస్థితి ఇది.

3. వేషం మీద వేషం:

ఈ చిత్రాలలోని మూసహాస్యం సినిమా పుట్టించినది కాదు. 1830ల నుంచి అమెరికాలో ప్రచారం పొందిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలలో తెల్లజాతి నటులు కాల్చిన బెండు మసి ముఖానికి పూసుకొని బానిసల మాటతీరును, నడకను, పాటను వెక్కిరిస్తూ ఆడేవారు. మన విద్యార్థులకు దీనిని పగటివేషాలతో పోల్చి చెప్పడం సులువు. పోలిక కంటే భేదమే ఇక్కడ ముఖ్యం. సోమయాజులు సోమిదేవమ్మ వేషంలో సాంఘికంగా కింది మెట్టున ఉన్న కళాకారుడు పైమెట్టువాణ్ణి అనుకరిస్తాడు. నవ్వు కిందినుంచి పైకి పోతుంది. మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలో పైనున్నవాడు కిందివాణ్ణి అనుకరిస్తాడు. ఆ నవ్వు యాజమాన్యానికి తోడు నిలుస్తుంది.

అంతర్యుద్ధం తరువాత నల్లజాతి నటులకు వేదిక దొరికినప్పటికీ వారికి సిద్ధంగా ఉన్న పాత్ర అదే. నల్లవాడు తన నల్లని ముఖానికి మళ్లీ నల్లరంగు పూసుకోవలసి వచ్చింది. బర్ట్ విలియమ్స్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అతడు 1916లో నటించిన ‘ఎ నాచురల్ బార్న్ గ్యాంబ్లర్’ మూకీ లఘుచిత్రం. జైలుకొట్టులో ఒంటరిగా కూర్చొని, లేని పేకముక్కలను పంచుతూ, లేని ప్రత్యర్థులతో ఆడి ఓడిపోయే అతని మూకాభినయం అందులో ఉంది. జూదగాడన్నది మూసపాత్ర. ఒంటరి మనిషి ముఖంలో ఆశ పుట్టి చచ్చిపోయే క్రమం మాత్రం మూసకు లొంగేది కాదు. తరువాతి శబ్దచిత్రాలలో కనిపించే ద్వంద్వం ఇక్కడే మొదలైందని చెప్పవచ్చు.

శబ్దం విషయానికి వస్తే, లీ డి ఫారెస్ట్ తన ఫోనోఫిల్మ్ పద్ధతిలో 1923లోనే నోబుల్ సిసిల్, యూబీ బ్లేక్ జంటను చిత్రీకరించాడు. 1921లో బ్రాడ్వేను ఆకట్టుకున్న ‘షఫుల్ అలాంగ్’ సంగీత నాటకానికి స్వరకర్తలు, గీతకర్తలు వీరే. ఇందులో కథ లేదు. ఒకరు పియానో దగ్గర, ఒకరు నిలబడి. 1929లో ఆల్ క్రిస్టీ నిర్మించిన హాస్య లఘుచిత్రాలు కథతో వచ్చాయి. ‘మెలాంకలీ డేమ్’ వాటిలో మొదటిది. ఈ కథల మూలకర్త ఆక్టేవస్ రాయ్ కోహెన్ తెల్లజాతి రచయిత. పాత్రలచేత అతడు పలికించిన వంకరమాటలు నల్లజాతి మాండలికం కాదు, నల్లజాతి మాండలికం ఎలా ఉంటుందని తెల్లజాతి పాఠకులు ఊహించుకున్నారో అది. ఈ చిత్రాలలో నటించడంతోపాటు రచనలోనూ పాలుపంచుకున్న స్పెన్సర్ విలియమ్స్ 1941లో ‘ది బ్లడ్ ఆఫ్ జీసస్’ అనే చిత్రానికి స్వయంగా దర్శకత్వం వహించాడు. వెక్కిరింత తయారయ్యే గదిలోనే అతడు సినిమా పని నేర్చుకున్నాడు.

4. బెస్సీ స్మిత్, డ్యూక్ ఎలింగ్టన్ (1929):

1929లో డడ్లీ మర్ఫీ రెండు చిత్రాలు తీశాడు. అంతకుముందు పారిస్‌లో ఫెర్నాండ్ లెజేతో కలిసి ‘బాలే మెకానిక్’ అనే ప్రయోగచిత్రానికి పనిచేసినవాడు కావడంతో, పాటను తెరకు ఎక్కించడంలో ఇతనికి వట్టి కెమెరా నిలబెట్టడం చాలలేదు.

మొదటిది ‘సెయింట్ లూయిస్ బ్లూస్’. సుమారు 16 నిమిషాలు. డబ్ల్యు.సి. హ్యాండీ 1914లో ప్రచురించిన పాట దీనికి మూలం. హ్యాండీ ఈ చిత్రనిర్మాణంలో స్వయంగా పాలుపంచుకున్నాడు. బెస్సీ స్మిత్ చలనచిత్రంలో కనిపించేది ఇదొక్కటే. 1937లో కారు ప్రమాదంలో ఆమె మరణించింది. రికార్డుల మీద ఆమె గొంతు నూటయాభైకి పైగా పాటలలో నిలిచింది. ఆమె నిలబడే తీరు, మెడ ఎత్తే తీరు, పాట మధ్యలో చూపు ఎక్కడ ఆనుతుందో తెలిపే ఆధారం మాత్రం ఈ 16 నిమిషాలే.

కథ చిన్నది. మేడమెట్ల దగ్గర పాచికలాటతో చిత్రం మొదలవుతుంది. ఇది పాత మూసహాస్యం. బెస్సీ ఇంటికి వచ్చి తన ప్రియుడు మరొక స్త్రీతో ఉండడం చూస్తుంది. ఆమెను వెళ్లగొట్టిన తరువాత అతడు బెస్సీని నేలకు తోసి వెళ్లిపోతాడు. నేలమీద పడిన మనిషి నోటినుంచే పాట మొదలవుతుంది. తరువాతి దృశ్యంలో ఆమె బార్ కౌంటరుకు ఆనుకొని, చేతిలో గ్లాసుతో, అదే పాటను కొనసాగిస్తుంది. అక్కడ కూర్చొని తాగుతున్నవారు హాల్ జాన్సన్ గాయకబృందం. ఆమె ఒక పాదం పాడితే వారు దానికి ప్రతిధ్వని ఇస్తారు. చర్చిలో బోధకునికి, సభకు మధ్య నడిచే పిలుపు, బదులు పద్ధతి ఇది. దీనిని మద్యశాలలోకి తేవడం వల్ల దృశ్యం వెంటనే మారిపోతుంది. తాగుబోతుల గుంపుగా ప్రవేశించినవారు సమాజంగా వినిపిస్తారు.

ఇక్కడ సంధిని గమనించాలి. కథ ఆగి పాట రాలేదు. పడిపోవడం, పాడడం, బారుదాకా చేరడం ఒకే రాగం మీద సాగాయి. ప్రియుడు తిరిగి వచ్చి, ఆమెతో ఆడుతూ, మేజోడులో దాచుకున్న డబ్బు కాజేసి నెట్టేసి పోయినప్పుడు ఆమె మళ్లీ అదే పాటకు తిరిగి వస్తుంది. కథ ఆమెకు ఏమీ మిగల్చలేదు. పాటను తీసివేస్తే ఈ చిత్రం మోసపోయిన స్త్రీ మీద మొరటు హాస్యం. కథను తీసివేస్తే పాటకు ఆ నేల ఉండదు. పాటను మాత్రం కత్తిరించి చూపించే పద్ధతి ఇక్కడే విఫలమవుతుంది.

రెండవది ‘బ్లాక్ అండ్ టాన్’, 19 నిమిషాలు. నల్లవారు, తెల్లవారు కలిసి కూర్చునే క్లబ్బులకు నాడు వాడుకలో ఉన్న పేరే చిత్రానికి పేరు. బాకీ తీరని పియానోను ఎత్తుకుపోవడానికి వచ్చిన ఇద్దరు బరువులవాళ్లు చదువురాని మొద్దులు. జిన్ సీసా ఇస్తే ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి ఒప్పుకుంటారు. ఈ మూసహాస్యానికి రెండడుగుల దూరంలో డ్యూక్ ఎలింగ్టన్ పియానో ముందు, ఆర్థర్ వెట్సల్ ట్రంపెట్‌తో, కొత్త స్వరరచనను సాధన చేస్తుంటారు. ఒకే గదిలో ఒకే జాతివారిని చిత్రం రెండు విధాలుగా చూస్తోంది. నవ్వించేవాళ్లుగా, పనిచేస్తున్న కళాకారులుగా.

గుండెజబ్బు ఉన్న నర్తకి ఫ్రెడీ వాషింగ్టన్ ఎలింగ్టన్ బృందానికి ఉద్యోగం కోసం క్లబ్బులో ఆడడానికి ఒప్పుకుంటుంది. అద్దంలా మెరిసే నేలమీద నర్తకుల ప్రతిబింబాలను, ఆమె కళ్లు తిరుగుతున్నప్పుడు ముక్కలై గుణించుకొనే బొమ్మలను మర్ఫీ చూపిస్తాడు. ఆమె కుప్పకూలుతుంది. నిర్వాహకుడు ప్రదర్శన ఆగకూడదంటాడు. తరువాతి నృత్యం మొదలవుతుంది. ఎలింగ్టన్ మధ్యలో వాద్యాన్ని ఆపి, బృందంతో సహా లేచి వెళ్లిపోతాడు.

వేదిక మీద ఉన్న నల్లజాతి వాద్యబృందం యజమాని ఆజ్ఞను కాదని కచేరీ మధ్యలో లేచిపోవడం 1929 తెరమీద ఎంత అరుదైన చర్యో వేరే చెప్పనక్కరలేదు. తరువాత ఆమె మంచం చుట్టూ నిలిచి వారు వాయించేది క్లబ్బు పాట కాదు, సాధన చేస్తూ ఉండిపోయిన ఎలింగ్టన్ సొంత రచన. ఆమె చూపులో అతని ముఖం మసకబారి చిత్రం ముగుస్తుంది.

5. కలలో దొరికిన సింహాసనం:

1930ల ఆరంభంలో ఈ చిత్రాలకు ఇష్టమైన కథాసాధనం కల. నల్లజాతి పాత్రకు అధికారం, వైభవం చూపించాలంటే దానిని నిద్రలో పెట్టడం క్షేమకరం. మెలకువ వచ్చేసరికి లోకం యథాస్థానానికి వస్తుంది.

పారమౌంట్ వారి ‘ఎ రాప్సొడీ ఇన్ బ్లాక్ అండ్ బ్లూ’ (1932)లో ఇంటిపని చేయకుండా ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులకు దరువు వేసుకుంటున్న భర్తను భార్య నేల తుడిచే కర్రతో కొడుతుంది. అతడు కలలో జాజ్‌మానియా అనే రాజ్యానికి రాజవుతాడు. అతని కొలువులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిరుతపులి చర్మం చుట్టుకొని, మోకాళ్లదాకా సబ్బునురగలో నిలబడి పాడతాడు. ఆఫ్రికా అంటే అడవి అన్న ఊహకు ఇంతకంటే నిస్సిగ్గు రూపం ఉండదు. అతడు పాడిన రెండు పాటలలో ఒకటైన ‘షైన్’ నల్లజాతివాని శరీరలక్షణాలను ఏకరువు పెట్టే పాట. దాని రచయితలలో సెసిల్ మాక్, స్వరకర్త ఫోర్డ్ డాబ్నీ ఆఫ్రికన్ అమెరికన్లే కావడంతో వ్యవహారం మరింత చిక్కుపడుతుంది.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ దృశ్యంలో చేసిన పనిని రెండు భాగాలుగా చూడాలి. పాడేటప్పుడు కళ్లు తిప్పుతాడు, పళ్లు చూపుతాడు, మాటలను విరిచి అర్థంలేని అక్షరాలుగా మార్చేస్తాడు. స్కాట్ గానం అనే ఈ పద్ధతిలో అవమానకరమైన మాట అర్థాన్ని కోల్పోయి ధ్వనిగా మిగులుతుంది. ట్రంపెట్ పెదవులను తాకగానే ముఖం పూర్తిగా మారుతుంది. నవ్వు లేదు. కళ్లు ఎవరినీ చూడవు. పులిచర్మం ఒంటిమీదే ఉన్నా దానికి ఆ ముఖంతో సంబంధం తెగిపోతుంది. ఇది ప్రతిఘటన అని నేరుగా అనడానికి నేను సంకోచిస్తాను. ఆ నవ్వు కూడా అతని కళలో భాగమే, దానిని వట్టి ముసుగుగా తీసిపారేస్తే అతని హాస్యజ్ఞానాన్ని తక్కువ చేసినట్టే. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. కథ ఇచ్చిన వేషం ఎంతవరకు చెల్లుతుందో అతడు శ్వాసతో గీత గీశాడు.

వైటాఫోన్ వారి ‘పై, పై బ్లాక్‌బర్డ్’ (1932)లో కల లేదు, వంట ఉంది. యజమాని కోసం నైనా మే మెకినీ వండిన తినుబండారం ఇంతపెద్దదై తెరుచుకుంటే లోపల యూబీ బ్లేక్ వాద్యబృందం వంటవాళ్ల టోపీలతో కూర్చొని ఉంటుంది. ఆంగ్ల శిశుగేయంలోని నల్లపిట్టలు ఇక్కడ నల్లజాతి వాద్యకారులయ్యారు. తినే వస్తువుగా సంగీతకారులను వడ్డించే ఈ బొమ్మ నన్ను పులిచర్మం కంటే ఎక్కువ కలవరపెడుతుంది. నికొలస్ సోదరులు, ఫేయార్డ్, పదకొండేళ్ల హెరాల్డ్, మొదటిసారి తెరమీద ఆడినది ఇందులోనే. వారి అడుగుల వేడికి రంగస్థలం అంటుకొని అందరూ అస్థిపంజరాలై వాయిస్తూనే ఉండడం చిత్రాంతం. చర్మం కాలిపోయాక తాళం తప్పలేదు.

6. ‘రూఫస్ జోన్స్ ఫర్ ప్రెసిడెంట్’లో ఒక సర్వనామం:

రాయ్ మాక్ దర్శకత్వంలో 1933లో వచ్చిన ఈ రెండు రీళ్ల చిత్రం ఈ వర్గంలో అత్యంత ప్రసిద్ధం, అత్యంత వివాదాస్పదం. ఏడేళ్ల సామీ డేవిస్ జూనియర్ రూఫస్. ఎథెల్ వాటర్స్ అతని తల్లి. బెంగతో ఉన్న పిల్లవాడిని ఒడిలో పెట్టుకొని, నువ్వు రాష్ట్రపతివి కావచ్చు అని ఆమె ఓదారుస్తుంది. నిద్రలో అతడు నిజంగానే రాష్ట్రపతి అవుతాడు. ఎన్నికలో ఓటుకు రెండు పోర్క్ చాప్స్ ఇస్తారు. సెనేటు పాచికల, పుచ్చకాయల సెనేటు.

1933లో ఈ హాస్యానికి నేపథ్యం ఏమిటో గుర్తుచేసుకోవాలి. దక్షిణాది రాష్ట్రాలలో ఓటుపన్ను, అక్షరాస్యత పరీక్ష, తెల్లవారికే పరిమితమైన ప్రాథమిక ఎన్నికలు కలిసి నల్లజాతి ఓటరును ఎన్నికల నుంచి బయట ఉంచాయి. సెనేటులో ఒక్క నల్లజాతి సభ్యుడూ లేడు. ప్రతినిధుల సభలో షికాగోకు చెందిన ఆస్కర్ డి ప్రీస్ట్ ఒక్కడే. ఓటు లేనివాణ్ణి ఓటు అమ్ముకునేవాడిగా చూపి నవ్వించడంలో, ఓటు లేకపోవడమే మంచిదన్న వాదం దాగి ఉంది. ఈ చిత్రాన్ని హానిలేని పాతకాలపు వినోదంగా చెప్పేవారు ఈ సంగతి పట్టించుకోరు.

ఇందులో ఎథెల్ వాటర్స్ ‘అండర్‌నీత్ ది హార్లెం మూన్’ పాడుతుంది. 1932లో తెల్లజాతి రచయితలు మాక్ గోర్డన్, హారీ రెవెల్ కూర్చిన పాట ఇది. మూలంలో హార్లెం జనాన్ని బయటినుంచి చూసే గొంతు ఒకటి, వారు ఎంత నిశ్చింతగా, విలాసంగా బతుకుతారో వర్ణిస్తుంది. వాటర్స్ దీనిని పాడుతూ ‘వారు’ అన్నచోట ‘మేము’ అన్న అర్థమిచ్చే సర్వనామాన్ని వాడింది, పదాలను మార్చింది, తన సొంత పాదాలు కలిపింది. పర్యాటకుని వర్ణన ఆ పేట మనిషి మాటగా మారింది. తోటల బానిసత్వపు ఛాయలు తొలగి నగరజీవితపు ఠీవి ముందుకు వచ్చింది.

ఈ మార్పును తెలుగులో చెప్పబోయినప్పుడు మనకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఆ ఇబ్బంది ప్రయోజనకరమైనదని నా అభిప్రాయం. ఇంగ్లీషు సర్వనామం ఒక్కటే. తెలుగులో ‘మేము’, ‘మనము’ వేరు. వింటున్నవాణ్ణి కలుపుకోనిది మొదటిది, కలుపుకొనేది రెండవది. వాటర్స్ పాడినది ఏది? తెల్లజాతి ప్రేక్షకులున్న హాలులో అది ‘మేము’. మీరు మా గురించి చెప్పుకున్న మాట ఇది కాదు, మేము చెబుతున్నాము వినండి అన్న సవరణ. హార్లెం హాలులో అదే ఫిలిం, అదే పదం ‘మనము’ అవుతుంది. నవ్వు కూడా మారుతుంది. ఇంగ్లీషు పదం ఈ భేదాన్ని దాచి ఉంచినందువల్లనే ఒకే పాట సెన్సారును, స్టూడియోను దాటి ఇద్దరికీ రెండు విధాలుగా చేరగలిగింది. అనువాదకుడు ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న మరుక్షణం ఒక ప్రేక్షకవర్గాన్ని బయటికి పంపినట్టే.

అదే 1933లో వాటర్స్ బ్రాడ్వేలో ఇర్వింగ్ బెర్లిన్ స్వరపరచిన ‘ఆజ్ థౌజండ్స్ చీర్’ ప్రదర్శనలో, మూకహత్యకు గురైన భర్త ఇక ఇంటికి రాడని తెలిసిన భార్య పిల్లలకు భోజనం పెట్టబోయే పాట పాడింది. ఒకే ఏడు, ఒకే గొంతు. లఘుచిత్రంలో ఆమె ఒడిలో పిల్లవాడిని పెట్టుకొని రాష్ట్రపతి పదవి గురించి చెప్పే మాటలను ఈ రెండో పాట తెలిసి వింటే, మూసహాస్యం కింద తల్లి భయం కూడా వినిపిస్తుంది. ఇది నా పఠనం. చిత్రం దీనిని కోరుకున్నదని చెప్పలేను.

7. చట్రం సడలిన చోట:

1934లో ‘కాబ్ కాలోవేస్ హై-డి-హో’ వచ్చింది. రైలు పడకపెట్టెలో ప్రయాణిస్తూ కాలోవే బృందం సాధన చేస్తుంది. వారికి సేవచేసే పోర్టరు కూడా నల్లజాతివాడే. నాటి పోర్టర్లను ప్రయాణికులు అసలు పేరు అడగకుండా, కంపెనీ యజమాని జార్జ్ పుల్మన్ పేరుతో జార్జ్ అని పిలిచేవారు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో వారి కార్మికసంఘం ఏర్పడింది. హాస్యం కోసం అల్లిన ఈ కథలో సంగీతకారుడు ప్రయాణికుడిగా, పోర్టరు నౌకరుగా కనిపించడంతో, జాతి ఒకటే అయినా తరగతులు రెండు అన్న సంగతి అనుకోకుండా తెరకెక్కింది. పోర్టరు పనిమీద వెళ్లగా అతని భార్య దగ్గరికి గాయకుడు చేరడం దీనిలోని చతురత. కార్మికుడి మీద కళాకారుడు నవ్విన నవ్వు ఇది.

1935 నాటి ‘సింఫనీ ఇన్ బ్లాక్’లో హాస్యం తప్పుకుంది. ఫ్రెడ్ వాలర్ దర్శకత్వం. తొమ్మిది నిమిషాల పైచిలుకు. బల్లముందు కూర్చొని స్వరరచన చేస్తున్న ఎలింగ్టన్ దీనికి చట్రం. అంటే కలగనే నౌకరు స్థానంలో రాసే రచయిత వచ్చాడు. కొలిమిలో బొగ్గువేసే కూలీల దృశ్యం అతని కాగితం మీది స్వరాల నుంచి పుడుతుంది. రెండో భాగంలో ఇరవయ్యేళ్ల బిల్లీ హాలిడే, ప్రియుడు నెట్టివేయగా నేలమీద పడి, అక్కడినుంచి పాట ఎత్తుకుంటుంది. ఆరేళ్ల కిందట బెస్సీ పడిన తీరు గుర్తున్నవారికి ఈ పడటం కొత్తది కాదు. ఈసారి దానిని చెబుతున్నవాడు స్వరకర్త.

1940లో ఈ రూపం మరింత కుదించుకుపోయింది. షికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ తయారుచేసిన పానొరామ్ అనే యంత్రంలో పదిసెంట్ల నాణెం వేస్తే మూడు నిమిషాల పాటచిత్రం కనిపించేది. బార్లలో, హోటళ్లలో, బస్‌స్టేషన్లలో వీటిని నిలిపారు. సౌండీలని పేరుపొందిన ఈ చిత్రాలు ఆరేడు సంవత్సరాలలో పద్దెనిమిది వందలకు పైగా తయారయ్యాయి. వాటిలో వందల సంఖ్యలో నల్లజాతి కళాకారులు కనిపిస్తారు. యంత్రంలోని అద్దాల వల్ల బొమ్మ తిరగబడుతుంది కనుక ఫిలింను ముందే కుడిఎడమలు మార్చి ముద్రించేవారు. మూడు నిమిషాలలో కథకు చోటు లేదు. అయినా పంటపొలం, వంటిల్లు, అడవి వంటి పాత తెరలు గాయకుల వెనుక వేలాడుతూనే ఉన్నాయి.

ఆ తెరలను కూడా తీసివేసినది 1944లో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసిన ‘జామిన్ ద బ్లూస్’. ఛాయాచిత్రకారుడు జోన్ మిలి దర్శకుడు, సంగీత నిర్వహణ నార్మన్ గ్రాంజ్. కథ లేదు, నవ్వించే పాత్ర లేదు, నౌకరు లేడు. నలుపు తెలుపుల ఖాళీస్థలంలో లెస్టర్ యంగ్ టోపీ అంచు, వేళ్ల మధ్య సిగరెట్టు, దానినుంచి లేచే పొగ. వాయించేవాళ్లు కెమెరాను చూడరు. పదినిమిషాలపాటు తమలోతాము వింటుంటారు. బృందంలో గిటారు వాయించిన బార్నీ కెసెల్ ఒక్కడే తెల్లజాతివాడు. వర్ణమిశ్రమ బృందాన్ని తెరమీద చూపడానికి స్టూడియో సిద్ధంగా లేదు. అందుచేత అతణ్ణి నీడలో కూర్చోబెట్టారు. దగ్గరి దృశ్యం కోసం అతని చేతులకు పండ్లరసం పూసి నలుపు తెచ్చారని ఈ చిత్ర చరిత్ర రాసినవారు నమోదు చేశారు.